టెన్త్ మెమో నుంచి ఇమిగ్రేషన్ కిటికీ దాకా

విదేశీ సరిహద్దు అనగానే అవతలి విమానాశ్రయంలో అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు గుర్తొస్తాడు. చాలా ప్రయాణాలు అంతదూరం వెళ్లవు. శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాగులు తూకం వేసే ఉద్యోగిని పాస్‌పోర్టు తిరగేసి, కంప్యూటరు వైపు చూసి, "ఒక్క నిమిషం పక్కన నిలబడండి సార్" అంటుంది. ఆమె చూసింది టైమాటిక్ అనే జాబితా. ఏ దేశపు పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఏ దేశం మీదుగా ఎక్కడికి వెళ్తే ఏ కాగితాలు ఉండాలో విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ అందులో ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంటుంది. ఆమెకు వీసా ఇచ్చే అధికారం లేదు గానీ విమానం ఎక్కనివ్వకుండా ఆపే అధికారం ఉంది. దీనికి కారణం డబ్బు. కాగితాలు సరిగా లేని మనిషిని తీసుకెళ్లి దింపితే అతణ్ణి వెనక్కి తెచ్చే బాధ్యత విమాన సంస్థదే, చాలా దేశాల్లో జరిమానా కూడా దాని నెత్తినే పడుతుంది. మన దేశంలోనూ ఇలాంటి చట్టం 2000లో వచ్చింది. 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టంలో అది కలిసిపోయింది.

అంటే సరిహద్దు జరిగి జరిగి మన ఊళ్లోకే వచ్చేసింది. కౌంటరుకు ముందు వీసా కేంద్రం, దానికి ముందు పాస్‌పోర్టు ఆఫీసు, అంతకు ముందు మండల కార్యాలయం, ఇంకా వెనక బడి రిజిస్టరు ఉంటాయి. వీసా నిబంధనలు తెలియక ఇరుక్కునేవాళ్లు కొందరే. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది, ఒకే మనిషి గురించి అతని కాగితాలు తలో మాటా చెప్పడం.

మొదటి తగవు పేరు దగ్గరే వస్తుంది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. బళ్లో చేర్చుకునే రోజున మాస్టారు ఇంటిపేరును ఒక పొడి అక్షరం చేస్తారు. టెన్త్ మెమోలో అదే అక్షరం ఉండిపోతుంది, లేదా పూర్తి ఇంటిపేరుగా మారుతుంది. ఆధార్‌లో వరస తిరగబడుతుంది, పాన్ కార్డులో స్పెల్లింగు ఇంకోలా వస్తుంది. ఒకే లక్ష్మి ఒక చోట ఎక్స్‌తోనూ మరో చోట కేఎస్‌హెచ్‌తోనూ కనిపిస్తుంది. ఇన్నిటి తర్వాత పాస్‌పోర్టు ఫారం రెండే గళ్లు ఇస్తుంది, ఒకటి ఇంటిపేరుకు, రెండోది మిగతా పేరుకు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా రెండో గడిలో నింపినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ పొరపాటు ఫలితం విమానం ఎక్కేదాకా బయటపడదు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని చెప్పింది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే కొంత సడలింపు ఇస్తామని తర్వాత వివరణ వచ్చింది. అమెరికా అయితే ఆపదు, ఇంకో రకంగా సతాయిస్తుంది. ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలోకి తోసి, సొంత పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని అచ్చేస్తుంది. పేరు తెలియదని దాని భావం. కొందరు ఆ మూడక్షరాలనే బ్యాంకు కార్డు మీదా డ్రైవింగ్ లైసెన్సు మీదా ఏళ్లతరబడి మోశారు.

మన పొడవాటి పేర్లకు ఇంకో ఇక్కట్టు ఉంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణపు గుర్తులతో నిండిన రెండు వరసలు ఉంటాయి. యంత్రం చదివేది వాటినే. ఒక్కో వరసకు 44 గళ్లు, మొదటి వరసలో పేరుకు మిగిలేవి 39 మాత్రమే. ఇంటిపేరుకూ పేరుకూ నడుమ ఖాళీలు కూడా అందులోనే ఇమడాలి. వెంకట నాగ సత్య సాయి దుర్గా వరప్రసాద్ అని తాతల పేర్లూ మొక్కుబడి పేర్లూ కలిపి పెట్టిన బిడ్డ అక్కడ సగంలో తెగిపోతాడు. అది తప్పు కిందికి రాదు, అంతర్జాతీయ ప్రమాణమే అంత. టికెట్టు మీద మాత్రం పాస్‌పోర్టులో పైన అచ్చయిన పేరే ఉండాలి. ఏజెంటు తన సౌకర్యం కొద్దీ కుదించకూడదు.

రెండో తగవు పుట్టిన తేదీ. ఒక తరం తెలుగువాళ్లలో జూన్ ఒకటో తేదీన, జులై ఒకటో తేదీన పుట్టినవాళ్లు ఆశ్చర్యపోయేంత మంది ఉంటారు. ఒకటో తరగతిలో చేర్చాలంటే ఐదేళ్లు నిండాలి కాబట్టి హెడ్మాస్టరు ఆ తేదీ వేశారు. పాస్‌పోర్టుకు మెమో చాలింది, కాబట్టి ఇబ్బంది రాలేదు. పిల్లలు అమెరికాలో స్థిరపడి తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు వేసిన రోజున జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు. మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లో పుట్టిన మనిషికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్పుడు రికార్డులో నమోదు లేదని ఒక పత్రం తెచ్చుకుని, దానికి తోడు పెద్దవాళ్ల చేత అఫిడవిట్లు రాయించాలి. కొత్త తరానికి ఈ వెసులుబాటూ లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటేనని 2025లో నిబంధన మార్చారు. బారసాల నాడు పేరు నిర్ణయించేటప్పుడే ఇంగ్లీషు స్పెల్లింగు కూడా ఖాయం చేసుకుని మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించడం ఇకమీదట సరదా వ్యవహారంగా మిగలదు.

ఇంత కాగితపు లెక్క మనకు కొత్తగా వచ్చిందనుకోవడం పొరపాటు. పందొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ కోరంగి, మద్రాసు వంటి రేవుల నుంచి మారిషస్, నటాల్, ఫిజీ తోటలకు ఓడలెక్కిన తెలుగు కూలీల కోసం వలస పాసులు రాసేవారు. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ అన్నీ అందులో ఉండేవి. పాసు మీద సంతకం పెట్టే అధికారిని వలసదారుల రక్షకుడు అనేవారు. కూలీల ఒప్పంద పద్ధతి పోయింది, 1922లో ఒక చట్టం, 1983లో ఇంకో చట్టం వచ్చాయి. ఆ పదవి మాత్రం అదే పేరుతో ఇవాళ్టికీ ఉంది. హైదరాబాద్‌లోనూ ఆఫీసుంది. దాని దగ్గరికి ఎవరు వెళ్లాలన్నది పాస్‌పోర్టు మీదే రాసి ఉంటుంది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. వాళ్లు సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేసియా, ఇరాక్ వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. పాసైనవాళ్లకూ, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకూ, 50 దాటినవాళ్లకూ ఆ ముద్ర ఉండదు.

చదువు తక్కువున్న మనిషినే ఎక్కువ కాగితాలు నింపమనడం ఏమిటని చాలాకాలంగా విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. అయితే ఆ అనుమతి వెనక కొన్ని ఆసరాలూ ఉన్నాయి. ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో యజమాని ఎవరో, జీతం ఎంతో, ఒప్పందం ఏమిటో నమోదవుతాయి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, రాయచోటి వైపు ఏజెంట్లు చూపించే దగ్గరి దారి ఈ ఆసరాలన్నిటినీ తప్పిస్తుంది. ముందు విజిట్ వీసా మీద పంపుతారు, అక్కడికి చేరాక ఉద్యోగ వీసాగా మారుస్తామంటారు. మారితే సరే. మారకపోతే మనిషి ఖల్లివెల్లి, అంటే అక్రమంగా ఉండిపోయినవాడు అయిపోతాడు, అకామా అనే నివాస అనుమతి ఉండదు, కఫీల్, అంటే పూచీ పడ్డ యజమాని ఎవరో తెలియదు. ప్రమాదం జరిగితే అతను అక్కడ పనిచేస్తున్నట్టు మన ప్రభుత్వ రికార్డులో ఒక్క వాక్యం దొరకదు, బీమా ఊసే ఉండదు. ఆజాద్ వీసా పేరుతో అమ్ముడయ్యేదీ ఇలాంటిదే. ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మే ఆ వీసాకు చట్టంలో చోటు లేదు. వీసా కాగితం మీద యజమాని పేరొకటి, పని చేసే చోటు మరొకటి అయితే అరెస్టయ్యేది కార్మికుడే.

గల్ఫ్ దారిలో ఇంకో రెండు మెట్లున్నాయి. ఒకటి వైద్య పరీక్ష. ఊళ్లలో ఇంకా గామ్కా మెడికల్ అనే అంటారు గానీ ఇప్పుడు అది వాఫిద్ వ్యవస్థలో నడుస్తోంది. క్షయ, హెపటైటిస్, హెచ్ఐవీ వంటివి చూస్తారు. ఎప్పుడో నయమైన క్షయ ఎక్స్‌రేలో మచ్చగా మిగిలినా అన్‌ఫిట్ అనే ప్రమాదం ఉంది. అందుకే ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చాక మెడికల్‌కు వెళ్లడం కంటే మెడికల్ అయ్యాక అడ్వాన్సు మాట ఎత్తడం నయం. రెండోది సర్టిఫికెట్ల ధ్రువీకరణ. 2005లో మన దేశం హేగ్ ఒప్పందంలో చేరినప్పటి నుంచి సభ్య దేశాలకు విదేశాంగ శాఖ అతికించే అపోస్టిల్ చాలు. ఒమన్, బహ్రెయిన్, సౌదీ ఆ ఒప్పందంలో ఉన్నాయి. యూఏఈ, కువైట్, ఖతర్ బయటే ఉండిపోయాయి కాబట్టి వాటికి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ ముద్రల మీద ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. ఇదంతా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థల ద్వారా కూడా చేయించుకోవచ్చు. ఊరి ఏజెంటు పేరు తెలిసినంతమందికి ఈ సంస్థల పేర్లు తెలియవు. ప్రభుత్వాలు చెప్పుకోవడంలో వెనకబడ్డాయి. 1983 చట్టాన్ని మార్చడానికి కేంద్రం 2025లో ముసాయిదా బయటపెట్టింది. మండల కేంద్రంలో అడిగితే చెప్పే మనిషి లేకపోతే కొత్త చట్టమూ ఏజెంటు నోటి మీదుగానే జనానికి చేరుతుంది.

అమెరికా దారి వేరు. 2008 దాకా వీసా కోసం తెలుగువాళ్లు చెన్నై వెళ్లి ముందురాత్రి లాడ్జీలో పడుకునేవాళ్లు. ఆ ఏడాది బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మార్చారు. వీసా కోసం మొక్కుకునే చిలుకూరు బాలాజీ దగ్గర కోరికకు 11 ప్రదక్షిణలు, తీరితే 108 అన్న లెక్క దేశమంతా పాకింది. దేవుణ్ణి వేడుకోవడంలో తప్పేమీ లేదు. ఇంటర్వ్యూ కిటికీ దగ్గర తేలే విషయం మాత్రం 214బీ అనే సెక్షన్‌లో ఉంటుంది. విద్యార్థి అయినా, కూతురి ప్రసవానికి వెళ్లే తల్లి అయినా, అమెరికాలోనే ఉండిపోవడానికి వస్తున్నారని ఆ చట్టం ముందే అనుకుంటుంది. కాదని నమ్మించాల్సింది మనమే. హెచ్1బీ, ఎల్ వీసాల వాళ్లకు ఈ షరతు లేదు.

నమ్మించడానికి ఆఫీసరు ముందున్న సమయం కొద్ది నిమిషాలే. చాలాసార్లు అతను ఫైలు తెరవడు కూడా. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో నింపిన సమాధానాలు అతని తెర మీద ఉంటాయి, అవే ప్రశ్నలు నోటితో అడుగుతాడు. ఫారం కన్సల్టెన్సీ వాళ్లు నింపితే, జవాబు అభ్యర్థి తనకు తోచింది చెబితే, అక్కడ రెండు కథలు పుడతాయి. కొందరు బ్యాంకు బ్యాలెన్సు కూడా కమీషన్‌కు తెచ్చి చూపిస్తారు. కొన్ని వారాలు ఖాతాలో డబ్బు పడుంటుంది, లెటరు వస్తుంది, డబ్బు వెళ్లిపోతుంది. వ్యవసాయం చేసే తండ్రి ఖాతాలో నిన్న మొన్న వచ్చి పడిన 40 లక్షలను చూసి అనుమానించడానికి ఆఫీసరుకు తెలుగు రానక్కర్లేదు. 2025 జూన్ నుంచి విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు, అంటే చదవడానికి అతనికి ఇంకో కాగితం దొరికింది.

వీసా పడ్డాక పండగ చేసుకునే ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి, వీసా అంటే సరిహద్దు దాకా వెళ్లి లోపలికి రానివ్వమని అడిగే అనుమతి మాత్రమే. రానివ్వాలా వద్దా అన్నది దిగిన చోట ఆఫీసరు నిర్ణయం. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది కూడా వీసా మీద గడువు తేదీ కాదు, ఐ-94 అనే ప్రవేశ రికార్డులో అతను చేసే నమోదు. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలో రెండు కాలేజీలకు బయల్దేరిన విద్యార్థులను ఎయిరిండియా హైదరాబాద్‌లోనే ఎక్కనివ్వలేదు. అప్పటికే వెళ్లినవాళ్లను అమెరికా వెనక్కి పంపడం మొదలుపెట్టింది మరి. 2011లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడితే ఎక్కువగా దెబ్బతిన్నది తెలుగు విద్యార్థులే, కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అమెరికా అధికారులే ఒక దొంగ సంస్థ నడిపి, అందులో చేరినవాళ్లను పట్టుకున్నారు. ఆ ముగ్గులో దిగింది తెలిసే అయినా తెలియక అయినా, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం పక్కాగా, వీసా పక్కాగా చేతిలో ఉండి కూడా అవి నిలబడలేదు. 2023 ఆగస్టులో ఒకే రోజు ఇరవైకి పైగా భారతీయ విద్యార్థులను వెనక్కి పంపినప్పుడు వచ్చిన వార్తల్లో ఫోన్లు, వాట్సాప్ సంభాషణలు వెతికారన్న మాట ప్రముఖంగా ఉంది. చదువు మొదలవకముందే పార్ట్‌టైమ్ పని గురించి స్నేహితుడితో మాట్లాడుకున్న మెసేజీ ఐ-20 చెప్పే కథకు ఎదురు సాక్ష్యం అవుతుంది. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఈ తనిఖీ అక్కడే జరుగుతుంది. 2014 నుంచి అమెరికా తన ఇమిగ్రేషన్ కిటికీని ఆ విమానాశ్రయంలోనే పెట్టింది.

యూరప్ షెంగెన్ వీసా అమెరికా పద్ధతికి పూర్తిగా భిన్నం. అక్కడ మాటకంటే కాగితానికే విలువ. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. 30 వేల యూరోల వైద్య బీమా, పదేళ్ల లోపు జారీ అయి తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు కావాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీఎఫ్ఎస్ కేంద్రం కాగితాలు తీసుకునే చోటు మాత్రమే, అక్కడి ఉద్యోగితో పేచీ పెట్టుకుంటే వీసా రాదు. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో ఒక మేలు జరిగింది. మూడేళ్లలో రెండు వీసాలు పద్ధతిగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్ల వీసా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న లెక్కను ఇంతకాలం ముద్రలు చూసి వేళ్ల మీద లెక్కపెట్టేవారు. 2025 అక్టోబరు 12న దశలవారీగా మొదలైన కొత్త ప్రవేశ వ్యవస్థలో వేలిముద్రలూ ఫొటో తీసుకుని ఆ లెక్క యంత్రమే చూస్తుంది.

వీసా అక్కర్లేని దేశాల గురించి భయం తక్కువ, అదే ప్రమాదం. థాయిలాండ్ 2024 జులైలో మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది. ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపాలి, ఉచితం. వెతికితే డబ్బు అడిగే నకిలీ సైట్లు ముందు వస్తాయి. అంతకంటే పెద్ద వల డేటా ఎంట్రీ ఉద్యోగాలది. బ్యాంకాక్‌లో పని అని టూరిస్టుగా రప్పించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో పడేశారు. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చిన ఐదు వందల మందికి పైగా భారతీయుల్లో రెండు తెలుగు రాష్ట్రాల కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లు వెళ్లేటప్పుడు ఏ ఇమిగ్రేషన్ ఆఫీసరూ ఆపలేదు, ఎందుకంటే కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

ఆరోగ్యం, సామాను సంగతులు చిన్నవే గానీ పట్టుకుంటే వదలవు. కెన్యా, ఘనా వంటి దేశాలకు వెళ్లేవాళ్లు పచ్చజ్వరం టీకా వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. కార్డు టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం పనికొస్తుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మన దేశమే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతుంది. ఇక వంటింటి మూటలు. గసగసాలు యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో మాదకద్రవ్యం కిందికి వస్తాయి. కోడికూరలోకి అమ్మ కట్టిచ్చిన పొట్లం జైలు దాకా తీసుకెళ్లగలదు. చికెన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ దగ్గర మాంసమే, చెప్పకపోతే జరిమానా. ఆస్ట్రేలియాలో ఏ తిండి వస్తువైనా ముందే రాసివ్వాలి, రాసిచ్చి పారేయించుకుంటే నష్టం పచ్చడితో పోతుంది. ఊరివాళ్లు దుబాయ్‌లో బంధువుకు ఇమ్మని ఇచ్చే మందుల్లో ట్రమడాల్, కోడీన్ ఉన్నాయేమో చూసుకోవాలి. డాక్టరు చీటీ ఎవరి పేరున ఉందో వాళ్లే ఆ మందు తీసుకెళ్లాలి.

ఇన్ని చూసుకున్నా తిప్పి పంపితే ఏమిటన్నది చివరి ప్రశ్న. అమెరికాలో రెండు రకాలుగా పంపుతారు. బలవంతంగా తొలగిస్తే ఐదేళ్లు మళ్లీ రానివ్వరు. ప్రవేశం కోసం పెట్టుకున్న అర్జీని మనమే వెనక్కి తీసుకోవడానికి ఆఫీసరు ఒప్పుకుంటే ఆ నిషేధం పడదు. ఒప్పుకోవడం ఆఫీసరు ఇష్టం. అయినా అడగవచ్చని తెలియక భయంతో కనిపించిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టినవాళ్లున్నారు. షెంగెన్ తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇస్తారు, అప్పీలుకు దారి ఉంటుంది.

తర్వాత ఏ దేశపు ఫారం నింపినా ఒక గడి ఎదురవుతుంది: గతంలో ఎప్పుడైనా వీసా నిరాకరించారా? ఇక్కడే ఏజెంట్లు ధైర్యంగా "లేదని కొట్టండి, ఎవరు చూస్తారు" అంటారు. చూస్తారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వలస సమాచారాన్ని వేలిముద్రలతో సహా పంచుకుంటాయి. అబద్ధమని తేలితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్లు తలుపు మూస్తాయి, అమెరికాలో మినహాయింపు దొరికితే తప్ప ఆ నిషేధం జీవితాంతం ఉంటుంది. నిజం చెప్పుకున్నవాడికి పోయేది అంత ఏమీ లేదు. 214బీ కింద వచ్చిన తిరస్కరణకు నిషేధ కాలమంటూ లేదు, పరిస్థితి మారాక ఫీజు మళ్లీ కట్టి కొత్త ఫారంలో ఆ గడి దగ్గర అవునని రాసి, తేదీ వేసి, ఇంకోసారి వెళ్లవచ్చు.